బీరువా వెనక గోడ

ఏడో తెప్ప, పన్నెండో ఇల్లు. తేమ పుస్తకం.

వాన 131వ రోజు. వంటగది 78, హాలు 76, పడకగది 84.

పాత తేమ పుస్తకానికి బూజు పట్టింది. నవ్వకండి జోగారావు గారూ. నెలనెలా వచ్చి ఈ పుస్తకం చూసి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరు మీరే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తేమ రాసే పుస్తకానికే బూజు పడితే తప్పు రాసిన మనిషిది కాదు, దాన్ని పెట్టమన్న చోటుది. తలుపు పక్కన మేకుకి వేలాడదీయమన్నది మీ ఆఫీసే. ఈ కొత్త పుస్తకాన్ని నేను బియ్యం డబ్బాలో పెడుతున్నాను. అట్ట మీద "అంకెలు మాత్రమే వ్రాయవలెను" అని అచ్చు వేశారు. అంకెలు పైన రాశాను. మిగతా కాగితమంతా ఖాళీగా వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు.

ఇవాళ వైద్యం లాంచీ వచ్చింది. రెండు నెలల పైనుంచి దగ్గుతున్న మా అత్తయ్య చేత షహనాజ్ డాక్టరమ్మ ఊపిరి బలం కొలిచే గొట్టం ఊదించారు. మూడుసార్లు ఊదాలి, అందులో పెద్ద అంకె రాసుకుంటారు. అత్తయ్య ఊదింది 160. ఆవిడ వయసుకి రెండొందలు రావాలట. "నెలరోజుల్లో మళ్ళీ వస్తానండి. అప్పటికీ రెండొందలు రాకపోతే కొండ మీది పొడి ఇంటికి తీసుకెళ్ళక తప్పదు," అని చెప్పి జాబితాలో పేరు రాసుకున్నారు.

పొడి ఇల్లు మంచి చోటే. వేళకి తిండి పెడతారు, గోడలు అప్పడంలా ఎండి ఉంటాయట. సముద్రం మీద తేలే మన తెప్ప నుంచి ఇప్పటికి తొమ్మిదిమంది వెళ్ళారు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తారు. ఆ పొడి గాలికి అలవాటు పడ్డ ఊపిరితిత్తులు మళ్ళీ ఈ తడిని ఓర్చుకోలేవు. అందుకే తొమ్మిదిమందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

"నేనెళ్ళను," అంది అత్తయ్య, లాంచీ ఇంకా కనిపిస్తూ ఉండగానే. "ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

"నాకు చెప్తే ఏం లాభమండీ, ఆ అంకెకి చెప్పండి," అన్నాను.

మా ఇద్దరి మాటలూ పదహారేళ్ళుగా ఇలాగే ఉంటాయి. మా ఆయన బుల్లబ్బాయి ఇసుక తోడే ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదిలో రెండు నెలలు ఇంటిపట్టున ఉంటే గొప్ప. మిగతా పది నెలలూ నాకు మా అత్తయ్య సీతారత్నం గారు, సీతారత్నం గారికి నేను. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి నిద్రపోయేదాకా పోట్లాడుకుంటాం. ఆవిడ కొండెక్కితే ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాలి. అందుకే ఈ నెలరోజులూ ఇంట్లో తేమ దించడం తప్ప వేరే పని పెట్టుకోను.

వాన 133వ రోజు. వంటగది 74, హాలు 75, పడకగది 83.

ఇవాళ యుద్ధం జరిగింది. పొద్దున్నే ఆవిరి కుడుములు పెట్టిందావిడ. మూత తియ్యగానే వంటగదిలో మనిషికి మనిషి కనపడలేదు. డెబ్భై దాటకూడదని మీరు నెత్తీ నోరూ బాదుకుంటుంటే మా వంటగదిలో మేఘాలు పుడుతున్నాయి.

"అత్తయ్యా, ఆ ఆవిరంతా ఎవరి ఛాతీలోకి వెళ్తుందనుకుంటున్నారు?"

"మరి నువ్వో? మంచం కోళ్ళకి తాళ్ళు కట్టి తడి చీరలారేత్తావు. పగలంతా నీ చీరల నీళ్ళే పీలుత్తున్నాను నేను!"

నిజమే. ఉమ్మడి ఆరబెట్టే గదిలో మా వంతు కోసం నిలబడడానికి బద్ధకించి నేను పడకగదిలోనే ఆరేస్తున్నాను. ఇద్దరం దొంగలమే అని తేలాక రాజీ కుదిరింది. కుడుములు వారానికొకసారి. గిన్నెల మీద మూతలు. తడి బట్ట ఇంట్లో ఉండకూడదు. స్నానం అయ్యాక గోడలు తుడిచిగానీ బయటికి రాకూడదు. గాలిలో తడిని లాగి తొట్టిలోకి వదిలే పొడి పెట్టెని హాల్లోంచి పడకగదిలోకి జరిపాం. అది మా మామగారిలా గురక పెడుతుందని అత్తయ్య అంది. చాలా రోజులకి నవ్వింది, నవ్వగానే దగ్గొచ్చింది.

వాన 137వ రోజు. వంటగది 68, హాలు 69, పడకగది 82.

రెండు గదులు మాట విన్నాయి, పడకగది వినలేదు. పొడి పెట్టె తొట్టిలోంచి రోజుకి ఆరు చెంబుల నీళ్ళు పారబోస్తున్నాను. అయినా తేమ చూపే ముల్లు కదలదు. గదిలో ఒకటే వాసన, నానిన గోనెసంచి వాసన. కుక్కలా మూలమూలా వాసన చూసుకుంటూ వెళ్తే ముక్కు బీరువా దగ్గర ఆగింది.

ఈ బీరువా సంగతి మీకు చెప్పాలి. నేల మీది ఇల్లు మునిగినప్పుడు అత్తయ్య పడవలో వేయించుకున్న సామాను ఇదొక్కటే. తెప్ప మీద గృహప్రవేశం నాడు పంతులు గారు బరువు నైరుతిలోనే ఉండాలని, రెండు గోడలకీ ఆనించి ఆ మూల పెట్టించారు. దాన్ని కదిపితే ఇంటి మగాడికి గండం అన్నారు. పదకొండో ఇంటివాళ్ళు రంగు వేయడానికని బీరువా జరిపిన వారంలోనే వాళ్ళాయన వేలు తాళ్ళ మధ్య పడి తెగిపోయింది. అప్పటి నుంచి ఏడో తెప్ప మీద ఒక్క బీరువా కదిలితే ఒట్టు.

చీపురు పుల్లల కట్టకి ఫోను కట్టి, బీరువాకీ గోడకీ మధ్య మిగిలిన వేలెడు సందులోకి దూర్చి ఫోటో తీశాను. నేల నుంచి నా భుజం ఎత్తు దాకా గోడ నల్లగా ఉంది. మధ్యలో ఆకుపచ్చ, అంచుల్లో తెల్లటి నూగు. దానికి రెండు మూరల దూరంలో అత్తయ్య తలగడ ఉంది.

ఫోటో ఆవిడకి చూపించాను. చాలాసేపు చూసింది.

"గరిటెకి గుడ్డ కట్టి పక్క నుంచి తుడు. బీరువా మాత్రం కదపొద్దు."

"పక్క నుంచి అందదండీ. కదిపి కడగాలి, సున్నం వెయ్యాలి."

"నా కొడుకు నీటి మీదున్నాడే కుమారీ! నేను దగ్గితే దగ్గుతాను. కొండకంటే కొండకే పోతాను. వాడికేదన్నా అయితే నువ్వు తెచ్చిత్తావా?"

ఆవిడ కొడుకంటే నా మొగుడే కదా. చదువుకున్నదాన్ని, బూజు ఎలా పుడుతుందో పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. అయినా పదకొండో ఇంటాయన వేలు గుర్తొచ్చి నాకూ భయమేసింది. సిగ్గుగానే ఉంది, కానీ రాస్తున్నాను.

వాన 138వ రోజు. వంటగది 68, హాలు 68, పడకగది 83.

పక్కింటి సువార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ బీరువా కూడా అదే మూల!

"నీకు వాస్తేంటి వదినా, చర్చికెళ్ళేదానివి?" అని అడిగాను.

"మాకు వాస్తూ లేదు పాడూ లేదు. మేమొచ్చేటప్పటికి అందరూ ఆ మూల పెట్టేశారు, మేమూ పెట్టేశాం. ఒక్కళ్ళం వేరేగా పెడితే ఎందుకు పెట్టారని అడుగుతారు కదా!"

చీపురుకి ఫోను కట్టి వాళ్ళదీ చూశాం. నలుపు. ఆ తర్వాత ఎనిమిదిళ్ళు తిరిగాం, ఎనిమిదింట్లోనూ నలుపే. అన్ని ఇళ్ళూ ఒకే అచ్చులో పోసినవి కాబట్టి ఆ మూల ఎక్కడైనా బయటి గోడలు రెండు కలిసే చోటే. బయట సముద్రపు గాలికి గోడ చల్లబడుతుంది, లోపలి వెచ్చటి తడి దాని మీద చెమటలా పడుతుంది. గాలి ఆడితే ఆరిపోయేది. ఇనప బీరువా ఆనించి పెట్టి మేమే దానికి దుప్పటి కప్పాం. ఇంటింటికీ తిరిగే మీకు ఇది కనపడలేదేమిటని అడగను జోగారావు గారూ, మీ కాగితంలో "కనిపించు గోడలు" అని ఉంది. కనపడని గోడకి గడి లేదు.

ఎనిమిదిళ్ళవాళ్ళూ అయ్యో అన్నారు. కదుపుదామంటే ఎనిమిదిళ్ళవాళ్ళూ మొదట మీరు కదపండి అన్నారు. మీది కదిలిన రోజే మాదీ కదుపుతామంది సువార్తమ్మ.

వాన 145వ రోజు. వంటగది 66, హాలు 67, పడకగది 82.

సంఘం గదిలో ఊదే గొట్టం ఉంటే అత్తయ్యని తీసుకెళ్ళాను. 150. పెరగాల్సింది పది తగ్గింది.

మా ఆయనకి ఫోను చేశాను. మొదట "అమ్మతో గొడవ పడకు" అన్నాడు. ఎందుకు కదపనివ్వడంలేదో చెప్పాను. "ఏమో కుమారీ. నిన్ననే ఇక్కడ తాడు తెగి పక్కవాడి చెవి పక్క నుంచి పోయింది. అమ్మని పోగొట్టుకోలేను. అలాగని..." అన్నాడు, అక్కడ ఆపేశాడు. తిట్టాలనుకున్నాను గానీ అతని భయం నాకు తెలుసు, తిట్టలేకపోయాను.

ఫోను పెట్టేసి వచ్చేసరికి అత్తయ్య సంచి సర్దుకుంటోంది. రెండు నేత చీరలు, దువ్వెన, మందుల డబ్బా.

"ఏం చేస్తున్నారండీ?"

"ఆఖరి నిమిషంలో సర్దుకుంటే ఏదో ఒకటి మర్చిపోతాను. నేనెళ్ళాక నువ్వీ గదిలో పడుకోకు. తలుపేసేసి హాల్లో పడుకో. మినప్పిండి డబ్బా మూత సరిగా పెట్టవు నువ్వు, పురుగు పడుద్ది. చూసుకో."

మూత సరిగానే పెడతానని గట్టిగా అరిచి వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఆవిడ వెళ్తానని ఒప్పేసుకోవడం నేను తట్టుకోలేకపోయాను. ఇంకా పదహారు రోజులుంది.

వాన 150వ రోజు. వంటగది 66, హాలు 66, పడకగది 83.

ఇవాళ మీరొచ్చారు. అంటే మీ సంగతి మీకే చెప్తున్నాను, అయినా రాయకుండా ఉండలేను.

వచ్చారు, గొడుగు దులిపారు, పుస్తకం తెరిచారు. నేను రాసిన కబుర్లన్నీ వదిలేసి గోడల పేర్లు రాసే గడులు చూసి, "దక్షిణపు గోడ అని రాశారేంటండీ, తప్పు. దీన్ని పడమటి గోడ అని రాయాలి," అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో మనిషి ఊపిరందక కొండకి పోతుంటే ఈయనకి గడిలో పేరు కావాలి. "పదేళ్ళ నుంచి అది దక్షిణపు గోడేనండీ. నిన్న రాత్రి లేచి పడమటికి నడిచిందా?" అన్నాను.

"నిన్న కాదండి, నలభయ్యో రోజు తుపానులో. ఒక లంగరు జారిపోయి మన తెప్ప పావు చుట్టు తిరిగింది. వానలు తగ్గేదాకా మళ్ళీ తిప్పడం కుదరదని లంగర్ల ఆఫీసు కాగితం కూడా పంపింది. సూర్యుడు కనపడ్డంలేదు కదా, ఎవరికీ తెలీదు. అందుకే గోడల పేర్లన్నీ మార్చమన్నారు," అన్నారు మీరు, ఏమీ కానట్టు.

ఫోనులో దిక్కులు చూసే ముల్లు ఉంటుంది గానీ ఇనప తెప్ప మీద అది తిక్క తిక్కగా తిరుగుతుంది, ఎవరూ నమ్మరు. నేను వేళ్ళ మీద దిక్కులు లెక్కపెట్టాను. దక్షిణం పడమరైతే పడమర ఉత్తరమైంది. అంటే నైరుతి మూల...

"అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టాను. "మన బీరువా నైరుతిలో లేదండీ! వాయవ్యంలో ఉంది! మూడు నెలల పైనుంచీ!"

మంచం మీంచి అత్తయ్య లేచి కూర్చుంది. మీ కాగితం లాక్కుని చదివింది. మీ చేత కూడా చదివించింది. లంగర్ల ఆఫీసు ముద్ర మీద వేలు పెట్టి ఇది నిజం ముద్రేనా అని అడిగింది.

చూశారా, మూడు నెలలుగా బీరువా తప్పు మూలలో ఉన్నా మీ అబ్బాయికి గోరు కూడా విరగలేదు, ఈ భయమంతా ఉత్తదే అని చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ ఆ అవకాశం ఇస్తేనా!

"మూడు నెల్ల నుంచి తప్పు మూలలో ఉందా! పిల్లాడికేం కాలేదంటే వాడి మంచితనం. అందుకే దగ్గు నాకంటుకుంది. నలభయ్యో రోజున తెప్ప తిరిగితే అరవయ్యో రోజున దగ్గు మొదలైంది. ఏంటే ఇంకా నిలబడి చూత్తన్నావు? పిలువు నలుగుర్నీ, కదపండి దీన్ని!"

మీరు టీ కూడా తాగకుండా బీరువాని ఒక పక్క పట్టారు. అది మర్చిపోను.

వాన 151వ రోజు. పడకగది 88. మిగతావి చూడలేదు.

నిన్ననే బీరువా ఖాళీ చేసి గది మధ్యకి లాగాం. వెనక గోడ ఫోటోలో కన్నా ఘోరంగా ఉంది. ఇల్లు కట్టినప్పుడు వేసిన నూనె రంగు పొరలుగా ఊడొచ్చింది, దాని కింద కూడా నలుపే. అత్తయ్య పట్టుచీర మడతల్లో బూజు చుక్కలు ఉన్నాయి. ఆవిడ చీర వంక చూసింది, గోడ వంక చూసింది. "ఇది నా పక్కనే పడుకుందా ఇన్నాళ్ళూ?" అంది మెల్లిగా.

ఆవిడని సువార్తమ్మ ఇంటికి పంపాను, కడిగేటప్పుడు ఆ దుమ్ము ఆవిడ ముక్కులోకి పోకూడదు. వాళ్ళ బీరువా కూడా జరిపి నిన్ననే అక్కడ గోడ కడిగేశారు, సువార్తమ్మ మాట మీద నిలబడే మనిషి. నేను మూతికి గుడ్డ కట్టుకుని, గోడని ముందు తడిపాను. పొడిగా గీకితే బూజు గదంతా ఎగురుతుంది. గీకి, సోడా నీళ్ళతో రెండుసార్లు తోమి, ఆ గుడ్డలన్నీ సంచిలో కట్టి బయట పారేశాను. చేతులు పడిపోయాయి.

వాన 154వ రోజు. వంటగది 66, హాలు 67, పడకగది 74.

మూడు రోజులు పంకా పెట్టి ఆరబెట్టి గుల్ల సున్నం మూడు పూతలు వేశాను. నూనె రంగు వద్దు, గోడకి ఊపిరాడదు. సున్నం మీద బూజు నిలవదు.

సాయంత్రం అత్తయ్య వచ్చి ఇంటి మధ్యలో నిలబడింది. బీరువా కొత్త నైరుతి మూలకి, అంటే మంచం ఉన్న చోటికి వెళ్ళాలి. అదీ బయటి గోడే. ఆనించి పెడితే మళ్ళీ ఇదే కథ. ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"మళ్ళీ తుపానొచ్చి తెప్ప మళ్ళీ తిరిగితేనో?" అంది ఆవిడ.

"తిరిగితే మళ్ళీ జరపాలి."

"ప్రతిసారీ పదిమందిని పిలుత్తామా? చక్రాలు పెట్టించు."

రేవులో చేపల బళ్ళకి వాడే చక్రాల చట్రం ఒకటి దొరికింది. బీరువా ఎక్కించాం. చట్రం బీరువా కన్నా వెడల్పు, అందుకని గోడకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంకా దగ్గరికి నెట్టమంటుందేమోనని నేను చక్రానికి కాలు అడ్డం పెట్టాను.

"ఉండనియ్యి," అంది. "లక్ష్మీదేవికి మాత్రం గాలాడొద్దా?"

వాన 158వ రోజు. వంటగది 65, హాలు 65, పడకగది 67.

పడకగది డెబ్భై కిందికి దిగింది! మూడుసార్లు చూశాను, ముల్లుని వేలితో కొట్టి చూశాను.

రేవులో చక్రాల చట్రాలు అయిపోయాయట. సీతారత్నం గారి బీరువా కదిలిందంటే చాలు, తెప్ప మొత్తానికి ధైర్యం వచ్చేసింది. పదకొండో ఇంటాయన కూడా తొమ్మిది వేళ్ళతో వచ్చి మాది నెట్టి చూసి వెళ్ళాడు. మీరు కాగితంలో "బీరువా వెనక" అని గడి చేర్చారని విన్నాను. సంతోషం. ఇక మీద తుపాను వెలిసిన ప్రతిసారీ దిక్కుల కాగితం ఇంటింటికీ పంపాలని అత్తయ్య సంఘంలో గట్టిగా అడిగింది. దిక్కు తప్పినా తప్పకపోయినా ఆ రోజు బీరువాలు జరిపి వెనక తుడవాలని తీర్మానం. ఆవిడ దిక్కు కోసం, నేను గోడ కోసం చేతులెత్తాం.

నిన్నటి నుంచి దగ్గు తగ్గింది. తగ్గిందని పైకి అనడానికి ఇద్దరికీ భయం.

వాన 161వ రోజు. వంటగది 64, హాలు 65, పడకగది 63.

లాంచీ వచ్చింది. అత్తయ్య సంచి తలుపు పక్కనే ఉంది, నేను ఎన్నిసార్లు లోపల పెట్టినా మళ్ళీ అక్కడికే వస్తోంది.

మొదటిసారి ఊదింది: 170. రెండోసారి 185. మూడోసారి కళ్ళు మూసుకుని, మొహమంతా ఎర్రబడేదాకా ఊదింది. 190.

పది తక్కువ. డాక్టరమ్మ కలం మూత తీశారు. జాబితాలో అత్తయ్య పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. నాకు అంతవరకూ తెలియని గొంతు ఒకటి నాలోంచి వచ్చింది. "ఆవిడ వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడనండీ? పదహారేళ్ళు. నేను ఉండలేను," అన్నాను. డాక్టరమ్మ ముందు, లాంచీ వాళ్ళ ముందు. అత్తయ్య నా వైపు చూడకుండా గొట్టం తుడుస్తూ కూర్చుంది.

"తేమ పుస్తకం ఉందా?" అని అడిగారు డాక్టరమ్మ.

బియ్యం డబ్బాలోంచి తీసిచ్చాను. ఆవిడ అంకెలే కాదు, అంతా చదివారు. రెండుచోట్ల నవ్వారు, ఒకచోట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 84 మీద వేలు పెట్టి, అక్కడ నుంచి 63 దాకా జరుపుకుంటూ వచ్చారు.

"గోడ కడిగి పదిరోజులే అయిందండి. ఈ పదిరోజుల్లో నూటయాభై నుంచి నలభై పెరిగింది. ఇంట్లో ఉండగానే పెరుగుతుంటే కొండకెందుకు తీసుకెళ్తాను? పేరు కొట్టేస్తున్నాను. వచ్చే నెల వచ్చి మళ్ళీ ఊదిస్తాను."

"కొట్టేశారా? ఏదీ, చూపించండి," అంది అత్తయ్య. కొట్టేసిన గీతని దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంకోసారి గట్టిగా కొట్టించింది.

లాంచీ వెళ్ళిపోయింది. ఇంట్లోకి వచ్చి అత్తయ్య సంచిలోంచి దువ్వెన తీసి అద్దం దగ్గర పెట్టింది. మందుల డబ్బా గూట్లో పెట్టింది. రెండు నేత చీరలు బీరువాలో సర్దింది. ఆవిడ ఒక్కొక్కటీ తిరిగి పెడుతుంటే నేను గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆపుకుందామన్నా ఆగలేదు.

ఆవిడ వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు.

"ఇంట్లో కూర్చుని ఏడవకే కుమారీ, తేమ పెరుగుద్ది. బయటికెళ్ళి ఏడు."

బయటికెళ్ళి వానలో నిలబడి ఏడ్చాను. ఒక నిమిషం తర్వాత ఆవిడా బయటికి వచ్చేసింది.